చంటిపాపతో, నాలుగేళ్ల పిల్లవాడితో మొదటిసారి విమానం: కష్టమంతా నేల మీదే

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీది ఖమ్మం. మీ వారు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నారు, మీకూ పిల్లలకూ హెచ్‌4 వీసాలు (అక్కడ పనిచేసేవారి భార్యాపిల్లలకు ఇచ్చేవి) వచ్చాయి. అబ్బాయికి 4 ఏళ్లు నిండాయి, పాపకు 11 నెలలు. మీరు ఇంతవరకు విమానం ఎక్కలేదు, వెంట పెద్దవారెవరూ రావడం లేదు, శంషాబాద్‌లో ఎక్కి దుబాయ్‌లో మారి డల్లాస్‌లో దిగాలి. పాపకు చెవినొప్పి వస్తుందేమో, ఏడిస్తే చుట్టూ ఉన్నవారు ఏమనుకుంటారో, బంధువులు చెప్పినట్టు నిద్రమందు వేయవచ్చా, పాపకు విడిగా సీటు కొనాలా అని అడిగారు. నేను కొన్నేళ్లు విమానంలో సిబ్బందిగా పనిచేశాను. ఉద్యోగం మానేశాక నా ఇద్దరు పిల్లలను ఇదే దారిలో ఒంటరిగా తీసుకువెళ్లాను. ఆ రెండు అనుభవాల నుంచీ చెబుతున్నాను.

మీ ప్రశ్నలన్నీ విమానం లోపలి సంగతుల గురించే ఉన్నాయి. మొదటిసారి వెళ్లే తల్లులందరి భయమూ అక్కడే ఉంటుంది. నిజానికి విమానంలో కూర్చున్న తరువాత మీ పని సగం తగ్గుతుంది, ఎందుకంటే పిల్లలు ఎక్కడికీ పారిపోలేరు, అన్నం నీళ్లు కూర్చున్నచోటికే వస్తాయి, పిలిస్తే పలికే మనిషి ఉంటుంది. కష్టమంతా నేల మీద ఉంది: సామాను అప్పగించేచోట, ఇమిగ్రేషన్ వరుసలో, సెక్యూరిటీ తనిఖీలో, దుబాయ్‌లో విమానం మారేటప్పుడు, డల్లాస్‌లో పెట్టెలు దించుకునేటప్పుడు. ఈ చోట్లన్నిటిలో మీకు ఉన్నవి రెండే చేతులు. ఒకటి పాపకు, ఒకటి బాబుకు పోతే పాస్‌పోర్టు తీయడానికి చెయ్యి లేదు. కాబట్టి మీ ఏర్పాట్లన్నీ ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండేటట్టు చేసుకోవడం చుట్టూ తిరగాలి. బొమ్మలు, రంగుల పుస్తకాలు, చిరుతిళ్లు ఆ తరువాతి సంగతి.

టికెట్టుతో మొదలుపెడదాం. ప్రయాణం రోజుకు 2 ఏళ్లు నిండని పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని వెళ్లవచ్చు. అంతర్జాతీయ ప్రయాణంలో దానికి సాధారణంగా పెద్దల చార్జీలో పదో వంతు వరకు, పైన పన్నులు తీసుకుంటారు. ఒడిలోని బిడ్డకైనా పేరు మీద టికెట్టు ఉండవలసిందే. తిరుగు ప్రయాణం నాటికి 2 ఏళ్లు దాటితే ఆ టికెట్టు పూర్తి సీటుతో కొనాలని గుర్తుంచుకోండి. ఇక విడిగా సీటు కొనాలా అంటే, భద్రత దృష్టితో చూస్తే కొనడమే మంచిది. విమానంలో వాడటానికి ఆమోదించిన కారు సీటులో, సొంత సీటులో బెల్టు పెట్టుకుని కూర్చున్న బిడ్డ ఒడిలోని బిడ్డ కంటే సురక్షితంగా ఉంటుందని అమెరికా విమానయాన అధికారులూ పిల్లల వైద్యుల సంఘమూ చెబుతూనే ఉన్నారు. కానీ ఆ కారు సీటును ఇద్దరు పిల్లలతో పాటు మీరొక్కరే శంషాబాద్ నుంచి డల్లాస్ దాకా మోయగలరా? మోయలేరు. ఇంకొక పెద్ద మనిషి తోడు ఉంటే తప్పకుండా కొనమనేదాన్ని. మీ పరిస్థితిలో పాపను ఒడిలో పెట్టుకుని, ముందు గోడకు తగిలించే ఊయల తొట్టి కోసం అడగడమే ఆచరణలో అయ్యే పని.

ఆ తొట్టిని బ్యాసినెట్ అంటారు. టికెట్టు కొనగానే విమానయాన సంస్థకు ఫోను చేసి అడగాలి, ఎందుకంటే ఒక విమానంలో అవి కొన్నే ఉంటాయి, అడిగినవారందరికీ దొరకవు. రెండు విమానాలకూ విడివిడిగా అడిగి, రాసుకున్నారో లేదో ఖాయం చేసుకోండి. బరువు పరిమితి చాలా సంస్థలలో 10, 11 కేజీల దగ్గర ఉంటుంది. 11 నెలల ఆడపిల్ల సాధారణంగా 8, 9 కేజీలు ఉంటుంది కనుక బరువుతో సమస్య రాకపోవచ్చు, కానీ పొడవుతో రావచ్చు. ఆ వయసు పిల్లలకు కాళ్లు తొట్టి అంచుకు తగులుతాయి, లేచి కూర్చోవాలని చూస్తారు. నిద్రలో మాత్రం పనికొస్తుంది. విమానం పైకి లేచి బెల్టు దీపం ఆరిన తరువాతే సిబ్బంది దాన్ని తెచ్చి గోడకు ఉన్న పట్లలో బిగిస్తారు, కుదుపులు మొదలై దీపం వెలిగిన ప్రతిసారీ పాపను లేపి ఒడిలోకి తీసుకోవాలి. అప్పుడే నిద్రపట్టిన బిడ్డను లేపవలసి వస్తే మీకు ఏడుపొస్తుంది, నాకు తెలుసు, అయినా లేపండి. ఆ ముందు వరుసలో ఇంకొక చిక్కు ఉంది: ఎదుట సీటు ఉండదు కాబట్టి, విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ చేతిసంచి కాళ్ల దగ్గర ఉంచనివ్వరు, పైన అరలో పెట్టాలి. అందుకే పాలసీసా, ఒక డైపరు, చేతిరుమాలు పట్టేంత చిన్న గుడ్డసంచి ఒకటి విడిగా ఉంచుకుని, దాన్ని సీటు పక్కనున్న అరలోనో మీ దగ్గరో పెట్టుకోండి.

సీట్లు ఎంచుకునేటప్పుడు బాబును నడవ పక్కన కూర్చోబెట్టకండి. భోజనాల బండి వెళ్లేటప్పుడు పిల్లల మోచేతులకూ పాదాలకూ తగలడం, వేడి కాఫీ, టీ గ్లాసులు వారి తల మీదుగా చేతులు మారడం నేను ఎన్నోసార్లు చూశాను. మీరు నడవ వైపు, బాబు లోపలి వైపు. ఇద్దరు పిల్లలూ నిద్రపోయినప్పుడు మీరు లేచి వెళ్లడానికి కూడా అదే సులువు.

దుబాయ్‌లో రెండు విమానాల మధ్య మూడు నాలుగు గంటలు ఉండేటట్టు చూసుకోండి. గంటన్నరలో మారే టికెట్టు పదివేలు తక్కువకు దొరికినా వద్దు. మీ మొదటి విమానం సుమారు నాలుగు గంటలు, రెండోది సుమారు 16 గంటలు. ఆ 16 గంటలకు ముందు పిల్లలు నేల మీద కాసేపు పరుగెత్తాలి, పాపకు ఒళ్లు తుడిచి బట్టలు మార్చాలి, మీరు ఏదైనా వేడిగా తినాలి.

కాగితాల విషయం త్వరగా చెబుతాను. పిల్లలిద్దరివీ మీదీ పాస్‌పోర్టులు, వీసాలు, మీ వారి ఐ-797 (ఆయన ఉద్యోగ వీసాకు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ఆమోదపత్రం) కాపీ, మీ పెళ్లి సర్టిఫికెట్టు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, తండ్రి సమ్మతితో మీరు పిల్లలను తీసుకువెళ్తున్నట్టు నోటరీ చేయించిన లేఖ ఒకటి. ఈ లేఖను ఎవరూ అడగకపోవచ్చు. అడిగిన రోజున లేకపోతే మాత్రం కౌంటరు దగ్గర నిలబడి ఏమీ చేయలేరు. టికెట్ల మీద పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి, ముఖ్యంగా ఇంటిపేరు. మన వాళ్లలో ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, ఇంకొకదాంట్లో పొడి అక్షరంగా ఉండటం సర్వసాధారణం. డల్లాస్ ఇంటి చిరునామా, మీ వారి ఫోను నంబరు ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి. ఇవన్నీ మెడలో అడ్డంగా వేసుకునే చిన్న సంచిలో ఉండాలి. భుజానికి తగిలించుకునే పెద్ద బ్యాగులో వెతుక్కుంటూ ఉంటే వెనుక వరుస ఆగిపోతుంది.

సామాను గురించి మన ఇళ్లలో జరిగే చర్చ నాకు తెలుసు. మీకెన్ని పెట్టెలు వస్తాయో టికెట్టు మీదే ఉంటుంది. అమెరికా దారిలో ఒక్కొక్క పెట్టెకు 23 కేజీలు మామూలు పరిమితి. అనుమతి ఉంది కదా అని అన్నీ నింపవద్దు. డల్లాస్‌లో ఆ పెట్టెలను తిరిగే పట్టీ మీద నుంచి దించుకోవలసింది పిల్లలిద్దరితో ఉన్న మీరే. పచ్చళ్లు, నెయ్యి, పొడులు అన్నీ అప్పగించే పెట్టెలోనే పెట్టండి. అమెరికా వెళ్లే విమానంలోకి 350 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ పరిమాణంలో ఉన్న పొడులను చేతిసామానులో అనుమతించకపోవచ్చు. పాపకు వాడే పాలపొడికి, తినిపించే పొడికి మినహాయింపు ఉంది కానీ కందిపొడికీ కారప్పొడికీ లేదు. మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు, కరివేపాకు, పండ్లు, కూరగాయలు అసలే వద్దు. మీ అమ్మగారు ఒడిబియ్యం పోసి పంపితే ఆ బియ్యాన్నీ కుడుకలనూ ఇంట్లోనే ఉంచి రండి. బియ్యానికి పట్టే ఒక రకం పురుగు భయంతో మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల సామానులో అమెరికా అనుమతించదు. ఎండు కొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకునే పదార్థాలలో ఒకటి కనుక మన విమానాశ్రయాలలోనే దాన్ని పెట్టెలో పెట్టనివ్వరు. పవర్ బ్యాంకు మాత్రం చేతిసామానులోనే ఉండాలి. చాలా సంస్థలు ఇప్పుడు దాన్ని విమానంలో వాడనివ్వడం లేదు కాబట్టి ఫోను ఇంటి దగ్గరే పూర్తిగా చార్జి చేసుకోండి. ఇంకొకటి: మీ ప్రయాణం సంగతి తెలిసి ఎవరో మందుల పొట్లమో, స్వీట్ల డబ్బానో తెచ్చి మా అబ్బాయికి ఇవ్వమంటారు. మొహమాటపడకుండా వద్దనండి.

ఇక శంషాబాద్. ఖమ్మం నుంచి అదే రాత్రి కారులో బయలుదేరి తెల్లవారుజామున విమానం ఎక్కే ఆలోచన ఉంటే మానుకోండి. ముందురోజే హైదరాబాదులో చుట్టాలింట్లో దిగి, పిల్లలు ఒక పూట నిద్రపోయాక బయలుదేరండి. టెర్మినల్ గుమ్మం దగ్గర విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వారు టికెట్టు, పాస్‌పోర్టు చూసి ప్రయాణికులనే లోనికి పంపుతారు. అంటే అమ్మమ్మ, తాతయ్య, మేనమామలు అందరూ అక్కడే ఆగిపోతారు. మీ బాబు అమ్మమ్మ చెయ్యి వదలనని ఏడ్చే చోటు అదే. విమానంలో ఏడుపు గురించి అడిగారు కానీ, నేను చూసినంతలో గట్టి ఏడుపులు అన్నీ ఆ గుమ్మం దగ్గరివే. వీడ్కోళ్లు, ఫొటోలు, దిష్టి తీయడాలు ఇంట్లోనే ముగించుకుని, గుమ్మం దగ్గర రెండు నిమిషాలకు మించి ఆగకండి. ఎవరెవరు ఎక్కడి వరకు వస్తారో బాబుకు ముందే చెప్పి ఉంచండి. 4 ఏళ్ల పిల్లవాడికి ఏం జరగబోతుందో వరుసగా చెబితే సగం మొండితనం పోతుంది: ముందు పెట్టెలు ఇస్తాం, తరువాత ఒక అంకుల్ పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తారు, తరువాత మన సంచి ఒక సొరంగంలోకి వెళ్లి బయటికి వస్తుంది, ఆ తరువాతే విమానం. రెండు మూడు రోజులు ఇదే కథలా చెప్పండి.

పాపను ముందుకు కట్టుకునే క్యారియర్‌లో పెట్టుకోండి. ఇది లేకుండా ఈ ప్రయాణం చేయవద్దు. తోసుకువెళ్లే బండి కూడా తీసుకువెళ్లవచ్చు, విమానం గుమ్మం వరకు వాడుకుని అక్కడ అప్పగించవచ్చు. కానీ దుబాయ్‌లో అది గుమ్మం దగ్గరే చేతికి రాకపోవచ్చు, అడిగి తెలుసుకోండి. అక్కడ విమానాశ్రయంలో వాడుకోవడానికి బండ్లు ఉచితంగా ఇస్తారు కాబట్టి తేలికపాటిది ఉంటే తీసుకువెళ్లండి, లేకపోతే దీనికోసం కొనకండి.

సెక్యూరిటీ తనిఖీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే తల్లులు కంగారుపడతారు. మన దేశంలో ఆడవారిని తెర కట్టిన చిన్న గదిలో మహిళా సిబ్బంది తనిఖీ చేస్తారు. పాపను క్యారియర్‌లో నుంచి తీయమంటారు, బండిని మడిచి ఎక్స్‌రే యంత్రంలోకి పంపమంటారు. వరుసలో ఉండగానే బాబు జాకెట్టు, మీ ఫోను, చార్జర్లు, పవర్ బ్యాంకు ఒక ట్రేలో వేయడానికి సిద్ధంగా ఉంచుకోండి. ముందు పెద్ద సంచి, తరువాత బండి, తరువాత ట్రే పంపి, పాస్‌పోర్టుల సంచిని అన్నిటికంటే చివర పెట్టి, అది యంత్రంలోకి వెళ్లడం కళ్లారా చూసిన తరువాతే కదలండి. అప్పుడు పాపను చంకన వేసుకుని, బాబు చెయ్యి పట్టుకుని ఇద్దరితోనూ కలిసి తెరలోకి వెళ్లండి. బాబును బయట నిలబెట్టకండి. పాప కాలికి మువ్వల పట్టీలు, వెండి మొలతాడు ఉంటే యంత్రం కూస్తుంది. దానివల్ల ప్రమాదమేమీ లేదు, చేతి యంత్రంతో మరోసారి చూస్తారు, అంతే. అయినా పట్టీలు ఇంట్లోనే తీసి పెట్టెలో వేయమంటాను. రాత్రి విమానంలో అందరూ నిద్రపోతుండగా ఆ మువ్వలు ఘల్లుమంటూ ఉంటే పాప కంటే ముందు మీరే ఇబ్బంది పడతారు. పాపకు కావలసిన పాలు, కాచి చల్లార్చిన నీళ్లు, ఉగ్గు ప్రయాణానికి తగినంత చేతిసామానులో తీసుకువెళ్లనిస్తారు. చేతిసామానులో ద్రవాల సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదన్న నియమం వాటికి వర్తించదు, కానీ అడగకముందే బయటికి తీసి చూపించండి.

వీల్‌చైర్ పెట్టించుకుంటే వరుసలు తప్పుతాయని మీకు ఎవరో సలహా ఇచ్చి ఉంటారు. అది నడవలేనివారి కోసం ఉన్నది, వద్దు. పిల్లలతో ఒంటరిగా వెళ్లేవారికి సహాయం కావాలని విమానయాన సంస్థను అడిగితే కొన్నిచోట్ల మనిషిని ఇస్తారు, డబ్బు తీసుకుని సాయం చేసే సేవలు కూడా పెద్ద విమానాశ్రయాలలో ఉన్నాయి. అంతకంటే మంచి దారి మరొకటుంది. డల్లాస్ తెలుగువారి వాట్సాప్ గ్రూపులలో మీ వారిని అడగమనండి. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో మొదటిసారి వెళ్తున్న పెద్దవారు ఎవరో ఒకరు అదే విమానంలో ఉండే అవకాశం ఎక్కువ. వారికి ఇంగ్లీషులో మాట్లాడే మనిషి కావాలి, మీకు బాబు చెయ్యి పట్టుకునే మనిషి కావాలి.

విమానంలోకి పిల్లలున్నవారిని ముందు పిలుస్తారు. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు సామానుతో ముందు వెళ్లి, ఒకరు పిల్లలను చివరిదాకా బయట ఆడించడం మేలు. మీరు ఒక్కరే కాబట్టి ముందే వెళ్లండి, పైన అరలో చోటు దొరుకుతుంది. ఎక్కే ముందు పాపకు డైపరు మార్చండి. సీటులో కూర్చోగానే పాప కోసం అదనపు బెల్టు అడగండి. మీ బెల్టుకు తగిలించే చిన్న బెల్టు అది. అమెరికా సంస్థల విమానాలలో దాన్ని వాడనివ్వరు, గల్ఫ్ సంస్థలూ మన సంస్థలూ ఇస్తాయి. ఆక్సిజన్ మాస్కుల గురించి చెప్పేటప్పుడు ముందు మీరు పెట్టుకుని తరువాత పిల్లలకు పెట్టమంటారు. తల్లి మనసుకు అది రుచించదు. కానీ 35 వేల అడుగుల ఎత్తులో గాలి పీడనం పోతే మనిషి స్పృహలో ఉండి పని చేయగలిగేది అర నిమిషం నుంచి నిమిషం వరకే. మీరు సొమ్మసిల్లితే పిల్లలకు పెట్టేవారుండరు.

చెవుల సంగతి. విమానం లోపల గాలి పీడనం 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. మధ్యచెవిని గొంతు వెనుక భాగంతో కలిపే సన్నని గొట్టం ఒకటుంది, లోపలి బయటి పీడనాలు దాని ద్వారానే సరిపడతాయి. పైకి ఎక్కేటప్పుడు లోపలి గాలి సులువుగానే బయటికి వచ్చేస్తుంది. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి పోవాలి, అప్పుడు ఆ గొట్టం మూసుకుపోయి ఉంటుంది, మింగినప్పుడే తెరుచుకుంటుంది. పిల్లలకు ఆ గొట్టం ఇంకా సన్నం. కాబట్టి అందరూ చెప్పినట్టు విమానం లేచేటప్పుడు పాలు పట్టండి కానీ, అసలు అవసరం దిగేటప్పుడు. నేలను తాకడానికి సుమారు అరగంట ముందు దిగడం మొదలవుతుంది, ఇంజన్ల శబ్దం తగ్గుతుంది, ప్రకటన వస్తుంది. అప్పటికి పాప కొంచెం ఆకలితో ఉండేటట్టు గంట ముందు నుంచి కడుపు నిండా పట్టకుండా ఆపండి. నిద్రలో ఉంటే లేపండి, నిద్రలో మింగడం తక్కువ. బెల్టు తీయకుండానే రొమ్ము అందించవచ్చు, చున్నీ కప్పుకుంటే సరిపోతుంది. బాబుకు స్ట్రా వేసి నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి, గింజ తీసిన ఖర్జూరం నమలనివ్వండి. గట్టి చాక్లెట్లు, వేరుశనగలు ఈ వయసువాళ్లకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. పాప ఏడ్చినా కంగారుపడకండి, ఏడ్చేటప్పుడు కూడా మింగుతుంది, చెవులకు అది మేలే. ప్రయాణానికి ముందు జలుబు చేసినా, చెవి చీము పట్టినా పిల్లల డాక్టరుకు చూపించి, వెళ్లవచ్చునంటేనే వెళ్లండి. మామూలు ముక్కు దిబ్బడకైతే ఉప్పునీటి చుక్కలు దిగడానికి ముందు వేస్తే చాలు.

నిద్రమందు వద్దు. మన ఇళ్లలో చనువుగా వేసే దురద, దగ్గు సిరప్పులలో కొన్నింటిలో ప్రోమెథజిన్ ఉంటుంది. 2 ఏళ్ల లోపు పిల్లలకు అది శ్వాసను ప్రాణం మీదికి వచ్చేంతగా మందగింపజేస్తుంది కనుక ఆ వయసులో ఇవ్వకూడదని మందు మీదే హెచ్చరిక ఉంటుంది. ఈ రకం మందులు కొంతమంది పిల్లలను నిద్రపుచ్చవు సరికదా, రెచ్చగొడతాయి. మందు వేసిన బిడ్డ ఆరు గంటలు ఆపకుండా గింజుకోవడం సిబ్బందిగా ఉన్నప్పుడు నేను చూశాను. మీ అత్తగారి తరఫు పెద్దావిడ ఇచ్చిన సీసాను మర్యాదగా తీసుకుని ఇంట్లోనే మరిచిపోండి.

ఆ 16 గంటలు ఎలా గడుస్తాయి? ముక్కలు ముక్కలుగా గడుస్తాయి. ఒక భోజనం, ఒక నిద్ర, ఒక నడక, మళ్లీ భోజనం. భోజనం ముందే చెప్పిపెట్టాలి, కనీసం 24 గంటల ముందు. మీరు శాకాహారులైతే ఆసియన్ వెజిటేరియన్ అని అడగండి. హిందూ భోజనం అంటే మాంసం ఉండదని చాలామంది అనుకుంటారు, ఉంటుంది. గొడ్డుమాంసం మాత్రం ఉండదు. బాబుకు పిల్లల భోజనం చెప్పినా దాన్ని నమ్ముకోకండి. ఇడ్లీ, చపాతీ చుట్టలు మొదటి విమానానికి, జంతికలు, మరమరాలు, బిస్కెట్లు రెండోదానికి తీసుకువెళ్లండి. పులిహోర బాగుంటుంది కానీ సీటుకూ బట్టలకూ పసుపు అంటుతుంది. విమానం లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, అడగకపోయినా నీళ్లు తాగిస్తూ ఉండండి, మీరూ తాగండి, పాలిచ్చే తల్లి మరీ తాగాలి. పాలసీసా వేడి కావాలంటే సిబ్బంది వేడినీళ్ల పాత్రలో కాసేపు నిలబెట్టి ఇస్తారు. పట్టే ముందు మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి, ఆ నీళ్లు మరీ వేడిగా ఉంటాయి.

మరుగుదొడ్డి ఇరుకు. పాపకు డైపరు మార్చడానికి కమోడ్ పైన గోడకు మడిచి ఉన్న బల్ల ఒకటి దించుకోవాలి, అది అన్ని మరుగుదొడ్లలో ఉండదు, తలుపు మీద బిడ్డ బొమ్మ ఉన్నది వెతకండి. సంచి మొత్తం తీసుకువెళ్తే పెట్టడానికి చోటు ఉండదు. ఒక డైపరు, తడి తుడుపు కాగితాలు, ఒక కవరు చాలు. బాబును తీసుకువెళ్లినప్పుడు ఫ్లష్ చేసే ముందు మూత వేసి, వాణ్ని తలుపు వైపు తిప్పండి. గాలితో లాగే ఆ శబ్దానికి భయపడిన పిల్లలు మిగతా ప్రయాణమంతా మరుగుదొడ్డికి రానని భీష్మించుకుంటారు. డైపర్లు రెండు గంటలకు ఒకటి చొప్పున లెక్కవేసి, ఆపైన అరడజను తీసుకోండి. పిల్లలకు రెండు జతల బట్టలు, మీకు ఒక జత చేతిసంచిలో ఉండాలి. పిల్లల వాంతి తల్లి బట్టల మీదే పడుతుంది, తల్లులు తమకు మార్చుకోవడానికి తెచ్చుకోరు.

కుదుపులు వచ్చినప్పుడు బాబుకు మన పల్లెవెలుగు బస్సు గతుకుల్లో వెళ్తున్నట్టే ఇదీ అని చెప్పండి, నవ్వుతాడు. ఫోనులో పాటలు, కథలు ముందే డౌన్‌లోడ్ చేసి, వాడి తలకు సరిపడే చిన్న హెడ్‌ఫోన్లు కొనండి. విమానంలో ఇచ్చేవి పెద్దవి, జారిపోతాయి. బొమ్మలు ఒకేసారి బయట పెట్టకుండా మూడు నాలుగు గంటలకు ఒకటి తీయండి. ఇంటి దగ్గర ఉన్న నియమాలను, రోజుకు గంటే ఫోను అన్నవాటిని, ఈ ఒక్క రోజుకు పక్కన పెట్టండి.

పాప ఏడిస్తే ఎవరో ఒకరు విసుక్కుంటారు. ఎక్కువమంది పట్టించుకోరు, కొందరు ఎత్తుకుంటామని వస్తారు. ఈమధ్య చుట్టుపక్కల సీట్లవారికి చాక్లెట్లు, శబ్దం వినపడకుండా చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు పొట్లాలు కట్టి పంచే అలవాటు ఒకటి బయలుదేరింది. మీకు అది అవసరం లేదు. బిడ్డ ఏడవడం తప్పు కాదు, దానికి ముందస్తు క్షమాపణ అక్కరలేదు. బాబు ముందు సీటును కాళ్లతో తన్నకుండా చూడండి, అది మాత్రం మన బాధ్యత.

దుబాయ్‌లో దిగాక మళ్లీ ఒక సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది. తెర మీద మీ గేటు నంబరు చూసుకుని, ఒక హాలు నుంచి మరొక హాలుకు చిన్న రైలు ఎక్కవలసి వస్తుందేమో అడగండి. ఆ మూడు గంటలలో మొదట గేటు ఎక్కడో చూసి వచ్చి, ఆ తరువాత దాని దగ్గర్లోనే పిల్లలను ఆడనివ్వండి. అమెరికా వెళ్లే విమానానికి గేటు దగ్గర కాగితాలు మళ్లీ చూస్తారు, సంచి విప్పమనవచ్చు. పిలుపు కోసం ఆగకుండా ముందే వెళ్లండి.

డల్లాస్‌లో ఇమిగ్రేషన్ అధికారి మిమ్మల్ని అడిగేది మామూలు ప్రశ్నలే: ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఆయన ఏం పని చేస్తారు. అడిగినంతవరకు, నిజం, చిన్న వాక్యాలలో చెప్పండి. ఇంగ్లీషు రాదని భయం ఉంటే తెలుగు మనిషి కావాలని అడగవచ్చు. పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దగ్గర తినే వస్తువులు ఉన్నాయా అంటే ఉన్నాయని చెప్పండి. చెప్పి చూపిస్తే పారేయించినా అంతటితో పోతుంది, దాచితే జరిమానా.

మీ వారికి ఈ లోపు ఒక పని అప్పగించండి. టెక్సాస్‌లో 8 ఏళ్ల లోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాల కంటే పొడవుంటే తప్ప, కారులో పిల్లల సీటులోనే కూర్చోవాలని చట్టం ఉంది. మన దగ్గరలాగా పాపను ఒడిలో పెట్టుకుని విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్లడం కుదరదు. మీరు దిగే రోజుకు కారులో రెండు సీట్లు బిగించి ఉండాలి, పాపది వెనక్కి తిరిగి ఉండేది. బిగించడం కొత్తవారికి అంత సులువు కాదు, వారం ముందే కొని ఒకసారి బిగించి చూసుకోమనండి. అక్కడికీ మనకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా ఉంటుంది కాబట్టి మొదటి కొన్ని రాత్రులు పిల్లలు రెండింటికి లేచి అన్నం అడుగుతారు. ఆ రోజుల్లో మరునాడు ఉదయం ఆఫీసు పెట్టుకోకుండా సెలవు తీసుకోమని కూడా ఆయనకు చెప్పండి; పగటిపూట పిల్లలను ఎండలో తిప్పేది మీరైతే, రాత్రి లేచే వంతు ఆయనది.